గోడ మీది ఇసుర్రాయి కిందికి దిగాక: పాలమూరు హైవే మీద ఒక హోటల్ కేస్ స్టడీ

"అన్నా, జనం వస్తున్నరు. ఫొటోలు దిగుతున్నరు. తింటున్నరు, పోతున్నరు. మళ్ల వస్తలేరు."

ఫోన్లో ఓనరు చెప్పిన సమస్య ఇంతే. ఇరవై ఏళ్లుగా నా పని హోటళ్లకు వంటగదులు ప్లాన్ చేయడం, నడవక ఇబ్బంది పడుతున్నవాటిని సరిచేయడం. ఇంత సూటిగా విషయం చెప్పినవాళ్లు నాకు అరుదుగా దొరికారు. చాలామంది స్టాఫ్ మీదనో, పక్క హోటల్ మీదనో మొదలుపెడతారు. ఈ తమ్ముడికి జరుగుతున్నది కనిపిస్తోంది, ఎందుకు జరుగుతోందో మాత్రం అంతుబట్టడం లేదు.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, జడ్చర్ల దాటాక ఉంటుంది ఆ హోటల్. పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి చోటు ఇంతకన్నా చెప్పను. పెంకుల కప్పు ఉన్న పాత గోదాము, 90 సీట్లు. పెట్టి ఏడాదిన్నర అయింది. నేను అందులో ఎనిమిది నెలలు పనిచేశాను. ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో రాసిపెడితే, ఇలాంటి హోటల్ పెట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను.

ముందు సామాను సంగతి. ఓనరు అంతకుముందు బిల్డింగ్ కాంట్రాక్టరు. వనపర్తి, ఆత్మకూరు, గద్వాల, కొల్లాపూర్ వైపు పాత ఇండ్లు కూల్చి కొత్తవి కట్టించేవాడు. అవన్నీ సంస్థానాలు నడిచిన ఊళ్లు. టేకు దర్వాజాలు, చెక్కిన స్తంభాలు, ఇత్తడి గొళ్లేలు ఆ ఇండ్లలో మామూలుగా ఉండేవి. ఇంటివాళ్లు వాటిని పొయ్యిలో కట్టెల లెక్కన తీసెయ్యమంటే ఈయనకు మనసొప్పేది కాదు. లారీలో వేసుకొని తెచ్చి షెడ్డులో పెట్టేవాడు. అట్లా పదేళ్లు పోగైంది. దర్వాజాలే పద్నాలుగు. సందూగలు, గుండిగలు, గంగాళాలు, కందిళ్లు, కీ ఇచ్చే గోడ గడియారాలు, మర్ఫీ రేడియో, గ్రామఫోను, మోట బొక్కెన, మగ్గం నాడెలు, బండి చక్రాలు, ఊరగాయ జాడీలు అన్నీ ఉన్నాయి. క్యాష్ కౌంటరు అద్దం కింద హాలీ సిక్కాలు పరిచాడు. హైదరాబాద్ సంస్థానానికి సొంత రూపాయి ఉండేదని, ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవని పెద్దవాళ్లు ఆ అద్దం దగ్గర నిలబడి పిల్లలకు చెప్పడం నేనే చాలాసార్లు విన్నాను.

అంటే ఈ మనిషి వస్తువులను ఫ్యాషన్ కోసం కొనలేదు, పోగొట్టుకోలేక దాచాడు. ఈ పని ఒప్పుకోవడానికి నాకు అదే కారణం.

మొదటి రోజు

ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లి ఒక మూల కూర్చున్నాను. తలుపు దాటగానే లోపల చల్లగా, పాత చెక్క వాసనతో, నిజంగా బాగుంది. మా అమ్మమ్మ ఇంటి వసారా గుర్తొచ్చింది. ఆ గుర్తుతోనే మెనూ చేతిలోకి తీసుకున్నాను.

మెనూలో 140 పైగా ఐటమ్స్ ఉన్నాయి. పనీర్ బటర్ మసాలా, వెజ్ మంచూరియా, చికెన్ 65, నాలుగు రకాల నూడుల్స్. చివరి పేజీలో 'పాలమూరు స్పెషల్స్' అని ఎనిమిది. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు ఆర్డర్ ఇచ్చాను. రొట్టె 25 నిమిషాలకు వచ్చింది. అంచులు పగిలి, అట్టలా ఉంది. ప్యాకెట్ పిండితో చేశారని మొదటి ముక్కకే తెలిసింది. నాటుకోడి కూర గ్రేవీ, పక్క టేబుల్‌కు పోయిన చికెన్ మసాలా గ్రేవీ ఒకటే. రంగులో కూడా తేడా లేదు.

పచ్చిపులుసు ఇత్తడి లోటాలో వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది. నోట్లో పెట్టుకుంటే నాలుక మీద లోహం రుచి. లోటా లోపల వేలు పెట్టి చూశాను, కళాయి, అంటే తగరం పూత, లేదు. అడుగున సన్నగా పచ్చటి చార కూడా ఉంది. తినడం ఆపి, వెంటనే ఓనరును పిలిపించి నేనెవరో చెప్పి, ఆ లోటాలన్నీ అప్పటికప్పుడు తీసేయించాను. చింతపండు పులుపు తగిలితే ఇత్తడి, రాగి కరిగి పులుసులోకి దిగుతాయి. కడుపులో తిప్పడం, వాంతులు దాని వల్లే వస్తాయి. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో తిండి వండకూడదని, ఉంచకూడదని ఆహార భద్రతా నిబంధనల్లో కూడా ఉంది. మన అవ్వలకు ఆ నిబంధనలు చదవకుండానే ఇది తెలుసు. ఇత్తడి గిన్నెలో చారు కాచిన ఇల్లాలు ఏ ఊళ్లోనైనా కళాయి చూసుకున్నాకే కాచేది.

తర్వాత రెండు గంటలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఒక కుటుంబంలో పెద్దాయన గోడకు ఇనుప క్లాంపులతో బిగించిన ఇసుర్రాయిని (తిరగలిని) చూపించి, "ఇది ఆడిస్తరా బాబూ?" అని సర్వర్‌ను అడిగాడు. "లేద్సార్, షోకే" అన్నాడు ఆ పిల్లవాడు. పెద్దాయన "అట్లనా" అని కూర్చొని, పక్కన మనవడు అడిగిన నూడుల్సే తనకూ చెప్పించుకున్నాడు.

నాకు సమస్య అక్కడే కనిపించింది. గోడలు ఒక భోజనం వస్తుందని మాటిస్తున్నాయి, ప్లేట్లో ఇంకొకటి వస్తోంది. అలంకారం లేని మామూలు ధాబాలో ఇదే తిండి పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ ఆశ పుట్టించి తీర్చలేదు కాబట్టి, జనం ఆ అసంతృప్తిని మాటల్లో చెప్పలేకపోయినా మళ్లీ రావడం మానేశారు. ఆ సాయంత్రం ఓనరుకు ఒకే మాట చెప్పాను: "తమ్మీ, ఈ సామానులో వంటింటి నుంచి వచ్చినవి మళ్ల వంటింటికి పోవాలె. పోలేనివాటికి ఇక్కడ ఎందుకున్నయో చెప్పగలగాలె. రెండూ కానివి తీసేద్దాం."

ఒప్పుకున్నాడు. అయితే ఒక వస్తువు విషయంలో చాలా బాధపడ్డాడు.

వాకిట్లో రాయి

ముందు వాకిట్లో తులసికోట పక్కన ఒక చెక్కిన రాయి నిలబెట్టి ఉంది. గుర్రం మీద వీరుడు, చేతిలో కత్తి, పైన సూర్యచంద్రులు. వీరగల్లు, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టే రాయి. పొలం చదును చేస్తుంటే బయటపడిందని ఒకాయన తెచ్చి ఇచ్చాడట. దానికి ముందు పూలకుండీలు పెట్టి సెల్ఫీ పాయింట్ చేశారు.

ఇది నేను ఎంతమందికి చెప్పినా తక్కువే. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చేతిరాత గ్రంథాలైతే 75 ఏళ్లు దాటినవి, పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. రాతి శిల్పం, లోహ విగ్రహం లాంటివి ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించాలి. ఇక భూమిలో దొరికినదైతే 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయలకు మించిన విలువ చేసేది ఏది భూమిలో దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. పాత దర్వాజా, గంగాళం, సందూగ వేరు. దేవుడి రాయి, వీరుడి రాయి వేరు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ రాయి ఎవరి కోసమో ఊరంతా కలిసి నిలబెట్టుకున్నది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టుకున్న ఉమ్మడి పాలమూరు జిల్లా ఇది. అలాంటి చోట వీరగల్లును సెల్ఫీకి పెట్టడం నాకు తప్పనిపించింది, ఆ మాట అలాగే చెప్పాను.

ఓనరు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు రాతపూర్వకంగా అధికారులకు తెలియజేశాడు. వాళ్లు వచ్చి చూసి తీసుకుపోయారు. ఆ స్థలం ఇప్పుడు ఖాళీగానే ఉంది. ఇంకేదైనా పెడదామని రెండుసార్లు అడిగాడు, వద్దన్నాను.

ఇత్తడి పని

కళాయి వేసేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. మహబూబ్‌నగర్‌లో రెండు రోజులు అడగ్గా అడగ్గా ఒక పెద్దమనిషి దొరికాడు. ఆయన సామాను మొత్తం ఒక సైకిల్ మీద పట్టేంతే. హోటల్ వెనక చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలుతిత్తి బదులు చేత్తో తిప్పే బ్లోయర్ పెట్టుకున్నాడు. గిన్నెను ముందు ఇసుకతో, బట్టతో, కాలి కింద తిప్పి తిప్పి తోమాడు. అది నిప్పు మీద ఎర్రబడబోయే ముందు నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే తెల్లటి పొగ లేచింది, ఘాటుకు మా అందరికీ కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నె లోపల ఒక్కసారి అలా రాసి, దూదితో గుండ్రంగా తుడిచాడు. మూడు నాలుగు క్షణాల్లో పసుపు రంగు గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు తెల్లగా మారింది. నీళ్లలో ముంచితే సుయ్‌మంది. కుర్రకుక్కులు ముగ్గురు ఫోన్లు తీయడం మరిచిపోయి చూశారు.

అంత బాగా చేయించుకున్నది పది రోజుల్లోనే పాడుచేసుకున్నాం. ఇందులో తప్పు నాదే. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. లోపల నీళ్లో, పప్పో ఉన్నంతసేపు గిన్నె అంత వేడెక్కదు. తాలింపు కోసం ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద పెడితే వేడెక్కుతుంది. ఒక పొద్దున తాలింపు వేసే కుర్రాడు అదే చేశాడు, కళాయి చిన్న చిన్న పూసలుగా కరిగి అడుగున చేరింది. ఆ పప్పు మొత్తం పారబోయించాను. ఇత్తడి గిన్నెల్లో ఏం చేయాలో చెప్పాను గానీ, ఏం చేయకూడదో గోడ మీద రాయించలేదు. ఆ రోజు నుంచి మూడు మాటలు వంటింట్లో పెద్ద అక్షరాలతో ఉన్నాయి: ఇత్తడిలో తాలింపు వద్దు, పులుపు వద్దు, పీచుతో గీకొద్దు. తాలింపు ఇనుప గరిటెలో. పచ్చిపులుసు, చింతచిగురు, పుంటికూర (గోంగూర) మట్టి పాత్రల్లో లేదా స్టీల్లో. కళాయి ఉన్నా సరే పులుపు వద్దని పెట్టడానికి కారణం, హడావిడిలో కళాయి ఎక్కడ అరిగిందో ఎవరూ చూడరు. బగారా అన్నం, పప్పు, పరమాన్నం వడ్డించడానికి గుండిగలు వాడుతున్నాం. మూడు నెలలకోసారి కళాయి.

జాడీల్లో ఊరగాయ పెడదామని ఓనరు ఆశ. పాత జాడీల మెరుగు పగుళ్లు పట్టింది. పాత మెరుగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పులుపూ ఉప్పూ నెలలకొద్దీ తగులుతుంటే అది దిగుతుంది. అందుకని కొత్త జాడీలు కొనిపించాం, పాతవి పై అరలో చూడటానికి ఉన్నాయి. పెచ్చులూడిన ఎనామెల్ ప్లేట్లు కూడా అరలోకే పోయాయి.

ఇసుర్రాయి

క్లాంపులు విప్పి కిందికి దించడానికి నలుగురు పట్టారు. రాయి ముఖం నున్నగా అద్దంలా అరిగిపోయి ఉంది. అలాంటి రాతి మీద గింజ జారుతుంది తప్ప నలగదు. రోళ్లకు కక్కు కొట్టే ఆయన్ను పిలిపించాం. ఉలీ సుత్తీ పట్టుకొని వాకిట్లో కూర్చొని, వేలితో తడుముతూ, గింజంత గుంటలు ఒకదాని పక్కన ఒకటి కొట్టుకుంటూ పోయాడు. పై రాయికి ఒక పొద్దు, కింది రాయికి ఒక పొద్దు పట్టింది. కక్కు కొట్టిన రాయితో వెంటనే తిండికి విసరకూడదు, రాతి పొడి వస్తుంది. నూకలు పోసి మూడు విడతలు విసిరి, ఆ పిండి పారేసి, రాయి కడిగి ఆరబెట్టాక గానీ మొదటి జొన్నలు పోయలేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. ఇసుర్రాయి పిండితో 90 సీట్ల హోటల్ నడవదు. నడుస్తుందని బోర్డు రాసుకున్న చోట్లు ఉన్నాయి, అది జనాన్ని మోసం చేయడమే. మేం ఇసుర్రాయితో విసిరేది గటక (జొన్న సంకటి) కోసం జొన్న రవ్వ మాత్రమే. రోజుకు ఒక్క గటకకు సరిపడా. రొట్టె పిండి ఊళ్లో గిర్నీలో (పిండిమరలో) ఏ రోజుకారోజు పొద్దున పట్టిస్తాం. బోర్డు మీద కూడా అట్లాగే రాశాం: 'గటక రవ్వ ఇసుర్రాయిది, రొట్టె పిండి గిర్నీది.' ఆ బోర్డు చూసి ఇంతవరకు ఎవరూ నిరాశపడలేదు. పదకొండు గంటలకు వచ్చినవాళ్లు విసరడం చూస్తారు, కొందరు తామూ ఓ చెయ్యి వేస్తారు.

రొట్టె లెక్క

ఈ కేసులో అసలైన పని ఇది. ఎక్కువ టైమ్ పట్టినది, ఎక్కువ ఖర్చయినది కూడా ఇదే.

జొన్నలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. పిండిని కలిపి ఉంచేది మరిగే నీళ్లే. అందుకే పాత పిండి, చల్లారిన నీళ్లు పనికిరావు. అందుకే చపాతీ మాస్టర్ చేతిలో పెడితే అట్ట అవుతుంది. హోటల్లో రొట్టె చేస్తున్నది తందూరీ మాస్టరే. అయితే అదే హోటల్లో గిన్నెలు తోమే దగ్గర ఒక పెద్దమ్మ ఉంది. మొదటి వారంలో స్టాఫ్ భోజనానికి ఆమె చేసిన రొట్టె తిన్నాను. మళ్లీ పెట్టమని అడిగి తిన్నాను.

ఆమె ఎట్లా చేస్తుందో గమనించి రాసుకున్నాను. పళ్లెంలో పిండి మధ్య గుంట చేసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లు పోసి, కట్టెతో కలుపుతుంది. చెయ్యి పెట్టగలిగే వేడికి రాగానే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసుకుతుంది. కుర్రకుక్కులు ముప్పై సార్లు పిసికి ఆపితే, ఆమె వెన్నముద్దలా అయ్యేదాకా వదలదు. పొడి పిండి చల్లి, రెండు చేతులతో తడుతూ తిప్పుతుంది, ఉండ తనంతట తనే తిరుగుతున్నట్టు ఉంటుంది. పొడి పిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెనం మీద వేసి, తడి బట్టతో పైన తుడుస్తుంది. ఆ తడి ఆరే ఒక్క క్షణంలో తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగులుతుంది. తిప్పాక అంచులు నొక్కితే పూరీలా ఉబ్బుతుంది. "నీళ్లారినయా అని కండ్లతోని చూడొద్దు బిడ్డా, వాసన సూడాలె" అంది. ఆ వాసన పట్టుకోవడానికి నాకు వారం పట్టింది.

ఇప్పుడు లెక్క. ఒక మనిషి, ఒక పెనం, గంటకు పాతిక నుంచి ముప్పై రొట్టెలు. మధ్యాహ్నం రెండు గంటల రద్దీలో మాకు 180 రొట్టెలు కావాలి. అంటే ముగ్గురు మనుషులు, మూడు పొయ్యిలు, తక్కువలో తక్కువ. ముందే చేసి పెట్టుకుందాం అన్నాడు ఓనరు. జొన్నరొట్టె పదిహేను నిమిషాలు దాటితే గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేసినా లాభం లేదు. పాలమూరులో ఎండు రొట్టెను సల్లలో (మజ్జిగలో) నానబెట్టుకొని తింటారు, అది వేరే రుచి, దాన్ని వేడి రొట్టె పేరుతో అమ్మలేం.

పెద్దమ్మను, ఆమె ఊరి నుంచే ఇంకో ఇద్దరిని రొట్టెలకు పెట్టాం. జీతం దగ్గర గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఓనరు మంచివాడే, కానీ లెక్కల్లో ఆ ఆడవాళ్లు 'హెల్పర్లు'. తందూరీ మాస్టర్ జీతంలో సగం కూడా లేదు. జనం దేని కోసం రావాలనుకుంటున్నామో ఆ పని చేసేవాళ్లకు హెల్పర్ జీతం ఇచ్చి నేను ఈ ప్రాజెక్టు చేయనని చెప్పాను. ముగ్గురినీ కుక్కులుగా రాయించి, మాస్టర్‌తో సమానంగా ఇప్పించాం. పాలమూరు నుంచి కూలి కోసం దేశమంతా పోయారు మన జనం. తన ఊరి తిండి చేసి తన ఊరి పక్కనే జీతం తెచ్చుకునే పని ఒకటి దొరికితే, దాన్నీ చిన్నపని కింద లెక్కేయడం నాకు భరించలేని విషయం.

పొయ్యిలను వంటింట్లోంచి తీసి హాల్లోకి తెచ్చాం, గద్వాల నుంచి వచ్చిన పెద్ద దర్వాజా పక్కన. పొగ పోవడానికి చిమ్నీ, పొయ్యిల ముందు నడుము ఎత్తు గోడ, కూర్చొని చేసే ఎత్తైన గద్దె. నిలబడి చేస్తే నడుము పోతుందని పెద్దమ్మే చెప్పింది. లోపలికి వస్తూనే రొట్టె తట్టే చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత ఎవరూ రొట్టె ఎందుకు ఆలస్యమని అడగడం నేను వినలేదు, ఎందుకంటే చేస్తున్నది కనిపిస్తోంది.

మెనూ

140 నుంచి 38కి తెచ్చాం. బిర్యానీ తీసేద్దామని నేను, వద్దని ఓనరు. ఈ విషయంలో ఆయన మాటే సరైనది. హైవే మీద పిల్లలతో వచ్చేవాళ్లకు తెలిసిన తిండి ఒకటైనా ఉండాలి. బిర్యానీ, పెరుగన్నం, రెండు పనీర్ కూరలు ఉంచాం. నూడుల్స్, మంచూరియా పోయాయి.

మిగతాదంతా ఈ చుట్టుపక్కల ఇండ్లలో వండేది. పచ్చజొన్న రొట్టె, సజ్జరొట్టె, గటక, పుంటికూర పప్పు, బగారా అన్నం మటన్ కూర, తలకాయ, బోటి, నాటుకోడి, కృష్ణ చేపల వేపుడు, ఎల్లిపాయ కారం, పల్లీల తొక్కు. కాలాన్ని బట్టి మారేవి నల్లబోర్డు మీద సుద్దతో రాస్తాం: చలికాలం అనపగింజల కూర, చిగురు వేసినప్పుడు చింతచిగురు మటన్, ఎండాకాలం అంబలి, కొల్లాపూర్ మామిడి, వానలు తగ్గాక బాలానగర్ సీతాఫలాలు. దొరకని రోజు బోర్డు మీద ఉండదు. ఫ్రిజ్‌లో చింతచిగురు దాచి ఏడాదంతా అమ్మే ఆలోచన వచ్చింది, రెండుసార్లు వండి చూశాం, ఆ వగరు పోయింది, మానేశాం.

పచ్చిపులుసు ఒక్కటి విడిగా చెప్పాలి. కాచనిది కాబట్టి పొద్దున చేసి సాయంత్రం దాకా పెట్టకూడదు. అరగంటకోసారి కొంచెం కొంచెం చేస్తారు. ఉల్లిగడ్డ చేత్తో నలిపి వెయ్యాలి, కాల్చిన పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి. మిక్సీకి పోతే పచ్చిపులుసు పచ్చిపులుసు కాదు.

పేర్ల దగ్గర ఒక మంచి గొడవ జరిగింది. బియ్యప్పిండిని గిన్నెలో తట్టి కాల్చే రొట్టెకు 'సర్వపిండి' అని రాస్తే ఇక్కడివాళ్లు "మా దిక్కు సర్వప్ప అంటం" అన్నారు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం "ఇది మా తపాల చెక్కే కదా" అన్నారు. ఇప్పుడు మెనూలో మూడు పేర్లూ ఉన్నాయి, ముందు సర్వప్ప. సర్వ అంటే ఆ పిండి తట్టే గిన్నె. అలాంటి పాత సర్వ ఒకటి ఆ పేజీకి ఎదురుగా ఉన్న అరలో పెట్టాం. సర్వర్ దాన్ని చూపించి ఒక్క వాక్యం చెప్తాడు. మొదట్లో ప్రతి వస్తువు కింద పేజీడు కథ ప్రింట్ చేయించి పెట్టాను, ఎవరూ చదవలేదు. పేరు, ఊరు, దేనికి వాడేవారు అని మూడు ముక్కలకు తగ్గించాక చదువుతున్నారు.

మిగతావి

టేబుళ్ల మీద వేలాడే కందిళ్ల నుంచి దుమ్ము రాలుతోంది, వాటిని నడిచే దారి మీదికి జరిపాం. పురుగు తిన్న దూలాలు రెండు తీసేశాం, పొడి కింద కూరలో పడుతుంటే ఎంత పాతదైనా అక్కడ ఉండకూడదు. నులక మంచాల మీద భోజనం ఫొటోకు బాగుంటుంది, మోకాళ్ల నొప్పులవాళ్లకు నరకం. మూడు మంచాలు వసారాలో ఆగేవాళ్లకు వేసి, లోపల మామూలు కుర్చీలు పెట్టించాం. గ్రామఫోను మోగించడం ఆపేశాం, రేకుల వసారాలో ఆ గోలకు మాట వినపడదు.

కొత్తగా ఏ వస్తువు కొన్నా ఒక పుస్తకంలో రాస్తున్నాం: ఎవరింటిది, ఏ ఊరు, ఎంతకు. ఆ ఇంటివాళ్లకు ఎప్పుడు కావాలన్నా అదే ధరకు తిరిగి ఇస్తామని రాసి సంతకం చేసి ఇస్తాం. ఇది నా సలహా కాదు, ఓనరుదే. ఈ మధ్య ఆత్మకూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బిడ్డ పెళ్లి, మంగళస్నానాలకు తమ ఇంటి గంగాళమే కావాలని వాళ్లమ్మ పట్టుబట్టిందట. డబ్బులు తెచ్చాడు. ఓనరు డబ్బులు తీసుకోలేదు, కళాయి వేయించి, ఆటోలో ఎక్కించి పంపాడు. పెళ్లయ్యాక గంగాళం తిరిగి తెచ్చారు, అడుగున పసుపు మరక ఇంకా ఉంది. తోమొద్దని చెప్పాడు. అది ఇప్పుడు వడ్డించడానికి వాడటం లేదు, దర్వాజా దగ్గర నీళ్లు పోసి బంతిపూలు వేస్తున్నారు.

ఇప్పటి పరిస్థితి

మొదటి రెండు నెలలు నష్టం వచ్చింది. ముగ్గురు కుక్కుల జీతం, చిమ్నీ ఖర్చు, నూడుల్స్ కోసం వచ్చే కుర్రాళ్లు రాకపోవడం. ఓనరు టెన్షన్ పడ్డాడు, నేనూ పడ్డాను. రొట్టె ధర 25 నుంచి 35కు పెంచాం. మూడో నెల నుంచి మారింది. నేను చూసుకునే కొలత ఒకటే: మామూలు పనిదినం మధ్యాహ్నం, హైవే ప్రయాణికులు కాకుండా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎన్ని టేబుళ్లు. మొదట్లో నాలుగైదు ఉండేవి. ఎనిమిదో నెలలో పద్నాలుగు పదిహేను. ఈ తిండి ఇంట్లో తెలిసినవాళ్లు డబ్బులిచ్చి తింటున్నారంటే తిండి సరిగ్గా ఉన్నట్టే.

తేలనిది ఒకటి మిగిలింది. పెద్దమ్మకు కుడిచేతి మణికట్టు నొప్పి మొదలైంది. రోజుకు అరవై డెబ్బై రొట్టెలు తట్టే చెయ్యి. రొట్టె నొక్కే మెషిన్ తెప్పించి చూశాం. గుండ్రంగా, ఒకే మందంతో వచ్చాయి, ఒక్కటీ ఉబ్బలేదు. పిసకడానికి మాత్రం మెషిన్ పెట్టి, తట్టడం చేతులతోనే ఉంచాం, దాంతో నొప్పి కొంత తగ్గిందంటోంది. మధ్యాహ్నం 180 రొట్టెలు దాటితే బోర్డు తిప్పేస్తాం: 'రొట్టెలు అయిపోయినయి.' ఆమె పక్కన ఇద్దరు కొత్త పిల్లలు నేర్చుకుంటున్నారు. నాలుగు నెలలైంది. నీళ్లు పోయడం, ఉండలు చేయడం వాళ్లకు అప్పగించింది. తిప్పే పని ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడిస్తావు పెద్దమ్మా అని పోయిన వారం అడిగితే, "ముక్కు రావాలె గద కొడుకా" అంది.